తెలుగు పద్యాన్ని ఇంటి ఆస్తిగా చేసుకున్న మౌల్వీ: పిఠాపురం ఉమర్ ఆలీషా జీవితం

కోరుకొండ: రాజమండ్రి నుంచి గోకవరం వైపు వెళ్తుంటే ఊరు రాకముందే కొండ కనబడుతుంది. కొండ మీద లక్ష్మీనరసింహస్వామి గుడి. దానికి వందల మెట్లు. 14వ శతాబ్దంలో కోరుకొండ ఒక రాజధాని. ముమ్మడి నాయకుడు ఇక్కడి నుంచే గోదావరి తీరాన్ని ఏలాడు. ఆయన కాలపు శాసనం ఒకటి 1353 నాటిది. ఇక్కడికి ఇరవై కిలోమీటర్ల లోపు దూరంలో, రాజమండ్రి పాత మసీదులో ఇంకో రాయి ఉంది. దాని మీద ఉన్నది పారశీకం, సంవత్సరం 1324. ఒకే నది ఒడ్డున, ముప్పై ఏళ్ళు కూడా తేడా లేకుండా, రెండు లిపులు రెండు రాళ్ళెక్కాయి.

రాళ్ళ సంగతి ఎవరో ఒకరు చూస్తారు. పురావస్తు శాఖ ఉంది, చరిత్రకారులున్నారు, గుడికి భక్తులూ మసీదుకు ముసల్లీలూ ఉన్నారు. రాయి మీద లేని ఆస్తి మాటేమిటి? మాట్లాడే భాష, పాడుకునే పద్యం, తాతముత్తాతల నుంచి నోటి ద్వారా వచ్చిన జ్ఞానం. ఇవి ఎవరివి? ఉర్దూలో విరాసత్ అంటారు, తెలుగులో వారసత్వం అంటారు. తెలుగువాళ్ళు సొంతమనుకునే ఈ వారసత్వం అనే మాటకు మూలం అరబీ వారిస్. దానికి చివర సంస్కృతపు త్వం తగిలించారు. ఒక్క మాటలో రెండు భాషలు కాపురం చేస్తున్నాయన్నమాట.

ఆ మాటలాంటి మనిషే ఒకాయన ఈ ప్రాంతంలో పుట్టాడు. కోరుకొండ నుంచి గోకవరం, జగ్గంపేట, సామర్లకోట మీదుగా వెళ్తే వచ్చే పిఠాపురం ఆయన ఊరు. పేరు ఉమర్ ఆలీషా. తెలుగు సాహిత్య లోకానికి మౌల్వీ ఉమర్ ఆలీషా కవి.

1885 ఫిబ్రవరి 28న పిఠాపురంలో పుట్టారు. తండ్రి మొహియుద్దీన్ బాద్షా, తల్లి చాంద్ బీబీ. పూర్వీకులు పర్షియా నుంచి ఢిల్లీకి, ఢిల్లీ నుంచి హైదరాబాదుకు, అక్కడి నుంచి గోదావరి జిల్లాకు వచ్చారని ఆ కుటుంబం చెప్పుకునే చరిత్ర. ఎక్కడ ఆగితే అక్కడి భాష నేర్చుకున్న వంశం అది. పిఠాపురంలో ఆగారు, తెలుగు నేర్చుకున్నారు. అయితే అంగట్లో బేరం చేసుకోవడానికీ, కరణంతో పని జరుపుకోవడానికీ సరిపడా తెలుగుతో ఆ ఇల్లు ఆగలేదు. కవిత్వం చెప్పేదాకా వెళ్ళింది.

అందులో పిఠాపురం వాటా కూడా ఉంది. అప్పట్లో ఆ ఊరు పెద్ద సంస్థానం. తర్వాత గద్దెనెక్కిన మహారాజా రావు వెంకట కుమార మహీపతి సూర్యారావు కూడా 1885లోనే పుట్టారు. సూర్యరాయాంధ్ర నిఘంటువుకు డబ్బు పెట్టి, పేరు ఇచ్చింది ఆయనే. వేంకట రామకృష్ణ కవులు ఆ ఆస్థానం వాళ్ళు. వాళ్ళకూ తిరుపతి వేంకట కవులకూ జరిగిన పద్య యుద్ధాలు ఆ రోజుల్లో పత్రికల్లో, పుస్తకాల్లో, అరుగుల మీద ఒకటే చర్చ. దేవులపల్లి కృష్ణశాస్త్రి పుట్టింది కూడా ఆ ఊరి పక్కనే. అలాంటి చోట పెరిగే కుర్రాడి చెవిన పద్యం పడకుండా ఉండటం కష్టం. గుళ్ళో పడుతుంది, బళ్ళో పడుతుంది, నాటకాల పందిట్లో పడుతుంది.

ఇంట్లో మాత్రం వేరే సంగీతం. అరబీ ఖుర్ఆన్, పారసీ సూఫీ కవులు, ఉర్దూ మాట. ఉమర్ ఆలీషా ఈ రెంటిలో ఒకదాన్ని ఎంచుకుని రెండోదాన్ని వదిలిపెట్టలేదు. పిఠాపురంలోనే బడి చదువు చదివి, ఆ తర్వాత ఇంటిపట్టునే తెలుగు, సంస్కృతం, అరబీ, పారసీ, ఉర్దూ, ఇంగ్లిషు పట్టుకున్నారు. యూనివర్సిటీ పట్టా లేదు. గురువులు, పుస్తకాలు, ఓపిక ఉన్నాయి.

తెలుగు పద్యం నేర్చుకోవడం అంటే ఏమిటో ఈ తరం పిల్లలకు చెప్పాలంటే ఉర్దూ షాయరీతో పోల్చి చెప్పడం సులువు. గజల్‌కు బహర్ ఉన్నట్టే పద్యానికి ఛందస్సు ఉంటుంది. గజల్‌లో ఖాఫియా, రదీఫ్ పాదం చివర వస్తాయి. తెలుగులో నియమం పాదం మొదట్లోనే మొదలవుతుంది. నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ఒకటే హల్లు కావాలి, దాన్ని ప్రాస అంటారు. అది చాలదన్నట్టు యతి ఒకటి. ఉత్పలమాలలో పాదానికి ఇరవై అక్షరాలు. మొదటి అక్షరానికీ పదో అక్షరానికీ పొత్తు కుదరాలి. చంపకమాల అయితే ఇరవై ఒకటి, పదకొండో అక్షరం దగ్గర కుదరాలి. శార్దూలానికి పదమూడో అక్షరం, మత్తేభానికి పద్నాలుగో అక్షరం. ఇవన్నీ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ రాసేవాడు కవి కాలేడు. లెక్క చెవికి ఎక్కాలి. వజన్ తప్పిన షేర్ ముషాయిరాలో ఎట్లా పంటి కింద రాయిలా తగులుతుందో, యతి తప్పిన పద్యం కూడా పండితుల సభలో అట్లాగే తగులుతుంది.

ముషాయిరా, బైత్‌బాజీ లాంటివి తెలుగులోనూ ఉన్నాయి. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు చుట్టూ కూర్చుంటారు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు నాలుగు సంబంధం లేని మాటలిచ్చి పద్యంలో ఇరికించమంటారు, ఇంకొకరు అక్షరం అక్షరానికీ ఇది వాడకూడదంటూ అడ్డుపడతారు. మధ్యమధ్యలో ఒకాయన పనికిమాలిన కబుర్లు చెప్పి ధ్యాస చెడగొడతాడు. అవధాని అన్నిటికీ జవాబు చెప్పి, చివర్లో పద్యాలన్నీ అప్పజెప్పాలి. తిరుపతి వేంకట కవులు ఊరూరా తిరిగి ఈ విద్యకు జనంలో మోజు తెచ్చిన కాలమది. వాళ్ళలో చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి స్వస్థలం రాజమండ్రి పక్కన కడియం. ఆ గాలిలోనే ఉమర్ ఆలీషా పద్యం కట్టడం మొదలుపెట్టారు. ఇరవై ఏళ్ళు నిండకముందే నాటకానికి చేయి వేశారు. ఆ తొలి నాటకం మణిమాల.

ఆ తర్వాత వచ్చిన నాటకాల పేర్లు చూస్తే ఒక విషయం కొట్టొచ్చినట్టు కనబడుతుంది. అనసూయాదేవి, దానవవధ, చంద్రగుప్త, విచిత్ర బిల్హణీయం, కళ. అనసూయ పురాణాల్లోని అత్రి మహర్షి భార్య. చంద్రగుప్తుడు మగధ రాజు. బిల్హణుడు 11వ శతాబ్దపు కాశ్మీర కవి. ఒక సూఫీ ఇంటి బిడ్డ, పేరుకు ముందు మౌల్వీ అని రాసుకునే మనిషి, ఈ కథలెందుకు పట్టుకున్నట్టు?

ఇప్పుడు ఈ ప్రశ్న అడగడం మామూలైపోయింది. ఆ కాలం నాటకాల పద్ధతి తెలిస్తే ప్రశ్న అంత పెద్దదిగా అనిపించదు. పద్య నాటకం అప్పటి గోదావరి జిల్లాల్లో సినిమా లాంటిది. రాత్రి భోజనాలయ్యాక మొదలై తెల్లవారేదాకా సాగేది. హార్మోనియం ముందు కూర్చున్నాయన శ్రుతి ఇవ్వగానే నటుడు రాగం తీసి పద్యం ఎత్తుకుంటే, జనం వన్స్ మోర్ అంటూ మళ్ళీ పాడించుకునేవాళ్ళు. వచ్చే జనంలో అన్ని కులాల వాళ్ళూ, ముస్లింలూ ఉండేవాళ్ళు. ఆ జనానికి తెలిసిన కథ చెప్పాలి, వాళ్ళకు తెలిసిన మనుషుల ద్వారా కొత్త సంగతి చెప్పాలి. ఉమర్ ఆలీషా చెప్పదలచిన కొత్త సంగతుల్లో ముఖ్యమైనది స్త్రీ గురించి. ఆడపిల్లకు చదువు కావాలి, గౌరవం కావాలి అన్నది ఆయన రచనల్లో పదేపదే వచ్చే మాట. రాజమండ్రిలో వీరేశలింగం పంతులు వితంతు వివాహాలు జరిపించి రేపిన దుమారం ఇంకా పూర్తిగా చల్లారని రోజులవి. పిఠాపురంలో ఒక ముస్లిం కవి అదే పని పద్యాలతో చేశాడు. సాహిత్య చరిత్రల్లో వీరేశలింగానికి దక్కిన పేజీలతో పోలిస్తే ఈయనకు దక్కినవి చాలా తక్కువ. అది న్యాయంగా లేదు.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. తెలుగు కవిత్వంతో ముస్లింల బంధం ఉమర్ ఆలీషాతో మొదలైంది కాదు. గోల్కొండను 1550 నుంచి 1580 దాకా ఏలిన ఇబ్రహీం కుతుబ్ షాను తెలుగు కవులు మల్కిభరాముడని ముద్దుగా పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి తన తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. పటాన్‌చెరు పాలకుడు అమీన్ ఖాన్ దగ్గర పొన్నికంటి తెలగన యయాతి చరిత్ర రాశాడు. సంస్కృతం మాటలు కలవకుండా పూర్తిగా అచ్చ తెలుగులో వచ్చిన తొలి కావ్యం అదే. చిత్రమేమంటే అచ్చ తెలుగు కోసం ఆరాటపడి, దానికి అండగా నిలిచిన వాడు ఒక ఖాన్‌సాహెబు. అయితే వాళ్ళంతా కావ్యాన్ని అంకితం పుచ్చుకున్నవాళ్ళు, పోషకులు. ఉమర్ ఆలీషా దగ్గరికి వచ్చేసరికి కథ మారింది. ఇక్కడ కలం పట్టుకున్నదే ముస్లిం. సింహాసనం మీద కూర్చుని వినడం వేరు, పండితుల మధ్య నేల మీద కూర్చుని ప్రాస కుదర్చడం వేరు.

తండ్రి తర్వాత ఉమర్ ఆలీషా ఆధ్యాత్మిక పీఠానికి ఆరో పీఠాధిపతి అయ్యారు. ఇప్పుడు దాన్ని శ్రీ విశ్వ విజ్ఞాన విద్యా ఆధ్యాత్మిక పీఠం అంటున్నారు. సూఫీ తత్వాన్నీ వేదాంతాన్నీ పక్కపక్కన పెట్టి చెప్పడం ఆ పీఠం దారి. ఆయన రాసిన ఒక పుస్తకం పేరే సూఫీ వేదాంత దర్శము. ఈ దారిని అందరు ముస్లింలూ ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోరు. తౌహీద్ విషయంలో హద్దులెక్కడ అన్న చర్చ ఉలమాలు చేసుకోవలసింది. ఆయన జీవితం గురించి మాట్లాడేటప్పుడు ఆ భేదాన్ని దాచిపెట్టనక్కర్లేదు. దాని కోసం ఆయన తెలుగుకు చేసిన పనిని దాచిపెట్టనక్కరా అంటే అదీ లేదు.

పీఠం వల్ల ఒక మంచి జరిగింది. ఆయన శ్రోతలు సంస్థానపు పండితులు మాత్రమే కాలేదు. రైతులు, కూలీలు, చేతివృత్తుల వాళ్ళు, ఆడవాళ్ళు గోదావరి జిల్లాల పల్లెల నుంచి వచ్చి కూర్చునేవాళ్ళు. వాళ్ళలో ఎక్కువమందికి ఉర్దూ రాదు, సంస్కృతం అసలే రాదు. చెప్పేదేదో తెలుగులోనే చెప్పాలి. రైతు అన్న మాటే అరబీ రఅయ్యత్ నుంచి వచ్చిందని ఆ రైతులకు తెలిసి ఉండకపోవచ్చు. జిల్లా, తాలూకా, వకీలు, దస్తావేజు, ఫిర్యాదు, జవాబు, ఖర్చు, కాగితం, కలం. పొద్దున లేచింది మొదలు పల్లెటూరి మనిషి నోట్లో అరబీ, పారసీ మాటలు తెలుగు వేషం వేసుకుని తిరుగుతూనే ఉంటాయి. గ్రాంథిక పద్యాల్లో ఇలాంటి మాటలకు పండితులు చోటు పెట్టలేదు. జనం మాత్రం ఎప్పుడో పెట్టేశారు.

ఉమర్ ఆలీషా చేసిన పనుల్లో అన్నిటికంటే ఎక్కువ నిలబడి చూడవలసింది ఉమర్ ఖయ్యామ్ అనువాదం. నిషాపూర్‌లో 1048లో పుట్టి 1131లో కన్నుమూసిన ఖయ్యామ్ తన కాలానికి గొప్ప గణిత శాస్త్రవేత్త, ఖగోళ శాస్త్రవేత్త. ఆయన రుబాయీలు 1859లో ఫిట్జెరాల్డ్ ఇంగ్లిషు చేయడంతో ప్రపంచమంతా పాకిపోయాయి. మన దేశంలోని కవులు చాలామంది ఆ ఇంగ్లిషు పుస్తకం చూసే తమ భాషల్లోకి తెచ్చుకున్నారు. ఫిట్జెరాల్డ్ చాలా స్వేచ్ఛ తీసుకున్నాడు. ఎక్కడివో రెండు రుబాయీలు కలిపి ఒకటి చేశాడు, తన సొంతం కొంత జోడించాడు. ఆయన చేతిలో ఖయ్యామ్ ఒక సాకీ, ఒక మధుపాత్ర, ఒక చెట్టు నీడగా మిగిలాడు.

పారసీ వచ్చినవాడికి ఆ అవసరం లేదు. ఉమర్ ఆలీషా మూలం దగ్గరికే వెళ్ళారు. రుబాయీ నాలుగు పాదాల పద్యం. ఒకటి, రెండు, నాలుగు పాదాలకు ఖాఫియా కలుస్తుంది, మూడోది వదిలేసినట్టుంటుంది. ఆ మూడో పాదం దగ్గర ఊపిరి బిగబట్టించి నాలుగో పాదంలో దెబ్బ కొట్టడం దాని కిటుకు. తెలుగు వృత్తానికీ నాలుగు పాదాలే. కానీ నాలుగింటికీ ప్రాస తప్పనిసరి, పాదాలు చాలా పొడుగు. పారసీలో పది మాటల్లో అయిపోయే విషయానికి ఉత్పలమాల ఎనభై అక్షరాలు అడుగుతుంది. ఖాళీ నింపడానికి కవి ఏం చేస్తాడన్న దాన్ని బట్టే అనువాదం బాగోగులు తేలతాయి. సూఫీ ఇంట్లో పుట్టినవాడికి సాకీ అంటే ఎవరో, మధువు అంటే ఏమిటో ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. ఆ ఖాళీ ఆయనకు కలిసొచ్చింది.

ఆ పని చేసింది ఆయనొక్కరే అనుకుంటే పొరపాటు. నెల్లూరు జిల్లా రైతుకవి దువ్వూరి రామిరెడ్డి పారసీ నేర్చుకుని పానశాల రాశారు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు ఇంకా ముందుకు పోయారు. విజయనగరంలో కూర్చుని పారసీ, అరబీ నేర్చుకుని, ఖయ్యామ్ మూలాన్నీ ఫిట్జెరాల్డ్ ఇంగ్లిషునూ రెంటినీ సంస్కృతంలోకీ అచ్చ తెలుగులోకీ దింపి 1932లో పుస్తకంగా వేశారు. కాళ్ళకు గజ్జెలు కట్టి హరికథ చెప్పే దాసుగారు పారసీ రుబాయీ కోసం ఏళ్ళు వెచ్చించారు. నమాజు చేసే మౌల్వీగారు సంస్కృత వృత్తాల కోసం ఏళ్ళు వెచ్చించారు. ఇద్దరి మధ్య దూరం పిఠాపురానికీ విజయనగరానికీ ఉన్న దూరమే. 1945 జనవరి 2న నారాయణదాసు పోయారు. అదే నెల 23న ఉమర్ ఆలీషా పోయారు. మూడు వారాల తేడాలో ఒక రకం చదువు ఆంధ్ర దేశం నుంచి లేచిపోయినట్టయింది.

అదే తరంలో చిలుకూరి నారాయణరావు ఖుర్ఆన్‌ను తెలుగులోకి తెచ్చారు. తెలుగులో వచ్చిన తొలి ఖుర్ఆన్ అనువాదంగా దానికే పేరు. చేసినాయన బ్రాహ్మణ పండితుడు. మరోవైపు ముహమ్మద్ ప్రవక్త (స) వారి జీవిత చరిత్రను తెలుగులో చెప్పిన కవి ఉమర్ ఆలీషా. ఆ రోజుల్లో దాని అవసరం ఎంతో ఇప్పుడు ఊహించడం కష్టం. కోస్తా జిల్లాల్లో ఉర్దూ రాని ముస్లింలు వేల కుటుంబాల్లో ఉండేవాళ్ళు. దూదేకుల వాళ్ళ ఇంటి మాటే తెలుగు. జుమా ఖుత్బా అరబీలో, బయాన్ ఉర్దూలో జరిగేవి. అర్థమైనంత అర్థమయ్యేది, మిగతాది గౌరవంతో వినేసి ఇంటికి వెళ్ళేవాళ్ళు. తమ నబీ బాల్యం, హిజ్రత్, మదీనా జీవితం తమ అమ్మ మాట్లాడే భాషలో వినడం వాళ్ళకు కొత్త. దీనీ పుస్తకం అంటే ఉర్దూలోనే ఉండాలి అన్న అలవాటును ఈ పుస్తకం కదిపింది. ఈనాడు తెలుగులో సీరత్ పుస్తకాలు, ఖుర్ఆన్ అనువాదాలు దుకాణాల్లో సులువుగా దొరుకుతున్నాయి. ఆ వరస మొదలైన చోట ఈ పేరు చెప్పుకోవడం చాలామంది మరిచిపోయారు.

రాజకీయం సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. 1907లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చి వందేమాతరం గాలి రేపినప్పుడు ఉమర్ ఆలీషాకు ఇరవై రెండేళ్ళు. 1923 డిసెంబరులో కాకినాడ కాంగ్రెసు మహాసభకు మౌలానా ముహమ్మద్ అలీ అధ్యక్షత వహించారు. అక్కడే ఖిలాఫత్ సభకు ఆయన అన్న షౌకత్ అలీ అధ్యక్షులు. కాకినాడకు పిఠాపురం కూతవేటు దూరం. గోదావరి జిల్లాల్లో ముస్లింలు, హిందువులు ఒకే పందిరి కింద కూర్చున్న రోజులవి. జాతీయోద్యమం వైపు మొగ్గిన కవి ఉమర్ ఆలీషా. 1934 చివర్లో జరిగిన ఎన్నికల్లో ఉత్తర మద్రాసు ముస్లిం నియోజకవర్గం నుంచి ఢిల్లీలోని కేంద్ర శాసనసభకు ఎన్నికయ్యారు. ముస్లింలకు వేరే సీట్లు, ఆస్తి, పన్ను ఉన్నవాళ్ళకే ఓటు అన్న పద్ధతి అప్పటిది. తెలుగు జిల్లాల నుంచి అదే సభలో ఎన్.జి. రంగా, వి.వి. గిరి ఉన్నారు. బొంబాయి నుంచి జిన్నా ఉన్నారు.

ఆ సభ పదేళ్ళ పైన నడిచింది. యుద్ధం వల్ల ఎన్నికలు వాయిదా పడుతూ వచ్చాయి. 1937లో షరియత్ చట్టం, 1939లో ముస్లిం స్త్రీకి కోర్టు ద్వారా వివాహం రద్దు చేసుకునే హక్కు ఇచ్చిన చట్టం ఆ సభలోనే పాసయ్యాయి. ఈ రెండూ ఈనాటికీ ముస్లిం కుటుంబాల ఆస్తి తగాదాల్లో, కాపురాల తగాదాల్లో కోర్టు మెట్ల మీద వినబడుతూనే ఉంటాయి. నాటకాల్లో స్త్రీ గౌరవం గురించి రాసిన మనిషి, ఆ విషయం మీద చట్టం తయారైన సభలో సభ్యుడుగా ఉన్నాడు. సభ్యుడుగా ఉండగానే కన్నుమూశాడు.

బిరుదులు, సన్మానాలు చాలానే వచ్చాయి. అమెరికాలోని ఒక సంస్థ 1936లో గౌరవ డాక్టరేటు ఇచ్చింది. పీఠం వాళ్ళు బ్రహ్మర్షి అంటారు. వీటన్నిటికంటే ఆ కాలపు పండితులు పద్యం విని తలూపడమే పెద్ద సన్మానం. వాళ్ళు అంత తేలిగ్గా తలూపే రకం కాదు.

రచనలు మొత్తం కలిపితే యాభై దాకా లెక్క చెబుతారు. నాటకాలు, నవలలు, ఖండకావ్యాలు, తత్వగ్రంథాలు. అన్నీ ఒకే స్థాయిలో లేవు. తత్వం ఎక్కువైన చోట పద్యం బరువెక్కి నడవలేకపోతుంది. గ్రాంథిక భాష కూడా ఈ తరానికి అడ్డమే. గిడుగు రామమూర్తి వాడుక భాష కోసం పోరాడి గెలిచాక, పద్యం పక్కకు జరిగి వచన కవిత్వం వచ్చింది. ఆ మార్పులో వెనకబడిపోయిన కవుల్లో ఈయనొకరు. కొత్త కవులు చదివేది శ్రీశ్రీని. ఉమర్ ఆలీషాను ఎందుకు చదవాలో చెప్పేవాళ్ళు బళ్ళో లేరు, మదర్సాలోనూ లేరు. ఒకచోట ఆయన ముస్లిం కవి, ఇంకోచోట ఆయన తెలుగు కవి. రెండు చోట్లా పరాయివాడైపోయాడు.

కోరుకొండ లాంటి ఊళ్ళలో ఇప్పటి ముస్లిం ఇళ్ళ సంగతి ఇంకో రకంగా ఉంది. నానమ్మ ఉర్దూ మాట్లాడుతుంది, చదవడం కొద్దిగా వచ్చు. తండ్రి ఉర్దూ మాట్లాడతాడు, చదివేది తెలుగు. పిల్లాడు ఇంగ్లిషు మీడియం. ఉర్దూ అర్థమవుతుంది గానీ లిపి రాదు, తెలుగు లిపి వచ్చు గానీ పేపరు చదవడానికి బద్ధకం. మూడు తరాల్లో రెండు భాషలు చేజారుతున్నాయి. ఏది వదులుకోవాలన్న ప్రశ్న ఆ ఇళ్ళలో ఎవరూ కూర్చుని చర్చించుకోలేదు, దానంతటదే జరిగిపోతోంది. ఉర్దూ పోతే దీన్ దూరమవుతుందన్న భయం పెద్దవాళ్ళది. తెలుగు పోతే ఊరు దూరమవుతుందన్న సంగతి అంతగా ఎవరూ అనుకోరు. ఉమర్ ఆలీషాకు అరబీ, పారసీ, ఉర్దూ, తెలుగు ఒకదానికొకటి అడ్డు రాలేదు. ఒకటి బాగా వచ్చినందువల్లే ఇంకొకటి బాగా వచ్చింది. పారసీ వచ్చు కాబట్టే ఆయన ఖయ్యామ్‌ను తెలుగులో ఎవరి దయా లేకుండా చెప్పగలిగాడు. తెలుగు వచ్చు కాబట్టే నబీ చరిత్ర పల్లెదాకా వెళ్ళింది.

ఉమర్ ఆలీషా తర్వాత పీఠం బాధ్యత కుమారుడు హుస్సేన్ షాకు వచ్చింది. ఆయనా కవే, ఆయన రాసిందీ తెలుగులోనే. పిఠాపురంలో ఏటా ఫిబ్రవరిలో పీఠం సభలు జరుగుతాయి. గోదావరి జిల్లాల నుంచి, ఇంకా దూరం నుంచి జనం బస్సుల్లో, రైళ్ళలో దిగుతారు. వాళ్ళలో చాలామంది హిందువులే, ఇంట్లో ఉర్దూ ముక్క రాదు. మైకు దగ్గరికి వచ్చి ఆ మౌల్వీగారి పద్యాలు రాగం తీసి చదువుతారు.